చక్రానికి తెల్ల అంచు

సున్నం బాబాయి జీవితంలో సున్నం ముట్టుకున్నది ఒకే ఒక్కసారి, అదీ సొంత ఇంటి వంటగది గోడకి. ఆ గోడ ఇప్పటికీ పెచ్చులూడుతూనే ఉంది. పేరు మాత్రం పెచ్చులూడలేదు. పాత కార్లకీ పాత లారీలకీ టైర్ల పక్కభాగాన గుండ్రంగా తెల్ల పట్టీ వేయడం ఆయన వృత్తి. ఆ వీధిలో వాళ్ల దృష్టిలో తెల్లగా ఉన్నదల్లా సున్నమే. అది సున్నం కాదనీ, రబ్బరు పెయింటనీ ఆయన ముప్పై ఏడేళ్లుగా వివరిస్తూ వచ్చాడు. వాళ్లు శ్రద్ధగా విని, తలూపి, "అలాగే సున్నం బాబాయి గారూ" అని వెళ్లిపోయేవారు.

ఒకప్పుడు దర్జా గల బళ్లకి టైర్లు ఫ్యాక్టరీ నుంచే తెల్ల పట్టీతో వచ్చేవి. ఇప్పుడు రావు. పాత బండిని ఎంత ముద్దుగా బాగుచేసినా చివరికి నల్ల టైర్లు తొడగాల్సి వస్తుంది. పెళ్లికొడుకుని నిలువెల్లా ముస్తాబు చేసి, కాళ్లకి మాత్రం వానాకాలం రబ్బరు బూట్లు తొడిగినట్టుంటుందని బాబాయి అభిప్రాయం. ఆ బూట్లు విప్పించడానికే తాను పుట్టానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం లేదు కనక ఎవరూ కాదనలేదు.

పని చూస్తే మాత్రం కాదనడానికి నోరు రాదు. టైరుని ముందు సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగేవాడు. థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచేవాడు. ఆ తర్వాత జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి రుద్ది చూసేవాడు. రుమాలు మీద బూడిదరంగు ఛాయ పడితే కథ మళ్లీ మొదటికి. సన్నటి గరుకు కాగితంతో టైరు నునుపు పోయేదాకా రుద్దేవాడు. కొత్త రబ్బరులోంచి గోధుమరంగు జిడ్డు ఊరుతూ ఉంటుంది. దానికి అడ్డంగా ఒక పూత వేయకపోతే తెల్ల పట్టీ వారం తిరక్కుండా టీ ఒలికిన టేబుల్ గుడ్డలా తయారవుతుంది. ఆ పూత ఆరిందో లేదో చెంప ఆనించి తెలుసుకునేవాడు. నల్ల టైరుకి చెంప ఆనించి కళ్లు మూసుకున్న పెద్దమనిషిని మొదటిసారి చూసినవాళ్లు, ఇంట్లో ఏం జరిగిందోనని కంగారుపడేవారు.

ఇదంతా ఓపికతో అయ్యే పని. పట్టీ మధ్యలో రంగు నింపడమూ అంతే. అసలు సంగతంతా అంచులో ఉంది. నలుపూ తెలుపూ కలిసే ఆ గీత వెంట్రుకవాసి వంకరపోయినా, బండి కదలగానే చక్రం కుంటుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని అంచు దగ్గర బాబాయి కుంచె కదపడు. ఇటుకల మీద చెక్క పెట్టి, చెక్క మీద మణికట్టు ఆనించి, కుంచె మొన టైరుకి తాకించి, ఊపిరి కూడా దొంగతనంగా పీలుస్తూ బొమ్మలా ఉండిపోతాడు. కదిలేది చక్రం. జాకీ మీద లేపిన చక్రం నెమ్మదిగా ఒక చుట్టు తిరిగేసరికి, తెల్ల గీత బయల్దేరిన చోటికే వచ్చి తన తోకని తనే పట్టుకుంటుంది. అతుకు ఎక్కడుందో చూపించమంటే ఇంతవరకు చూపించినవాళ్లు లేరు.

"ఎవరి చెయ్యండీ ఇది?" అని బండి యజమానులు అడిగేవారు. బాబాయి కుడిచెయ్యి చాపి వినయంగా చూపించేవాడు. వినయం అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు చూపించేవాడు. షెడ్డు గోడకి ఆయన మీద పేపర్లో పడిన వార్త ఫ్రేము కట్టి ఉండేది. ఫొటోలో ఒక చక్రం, చక్రానికి ఇటుపక్క కుంచెతో బాబాయి, అటుపక్క ఫొటో అంచున ఎవరిదో ఒక మోచెయ్యి.

ఆ మోచెయ్యి పిన్నిది. చక్రం తిప్పేది పిన్ని.

పెళ్లయిన కొత్తలో బాబాయి నంబరు ప్లేట్లు రాసేవాడు. ఒక డాక్టరుగారి పాత కారుకి తెల్ల పట్టీల టైర్లు నాలుగింటిలో ఒకటి పగిలి, దాని బదులు నల్లది వేయాల్సి వచ్చింది. ఆ ఒక్కదాన్నీ మిగతా మూడింటితో కలపమని డాక్టరు ఆయన్ని బతిమాలాడు. బాబాయి కుంచె పట్టుకుని చక్రం చుట్టూ రెండు రోజులు తిరిగాడు, కుదరలేదు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియరు తెచ్చిన పిన్ని, మీరు దాని చుట్టూ తిరిగే బదులు దాన్నే తిప్పొచ్చు కదా అంది. అయితే నువ్వే తిప్పు అన్నాడు ఆయన ఉక్రోషంగా. ఆవిడ క్యారియరు కింద పెట్టి తిప్పింది. ఆ క్యారియరు మళ్లీ ఎప్పుడు తీసిందో గానీ, తిప్పడం మాత్రం ఆపలేదు.

తిప్పుతున్నంతసేపూ ఆవిడ ఆయన్ని తిట్టేది. తిట్టడమంటే అరవడం కాదు. గొంతు పెంచకుండా, తొందరపడకుండా, కుళాయి సన్నగా వదిలినట్టు ఒకే ధారగా సాగేది. ఇంట్లో థిన్నరు కంపు, పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన మంచి గిన్నెలో రంగు కలపడం, వాళ్ల అన్నయ్య వచ్చినప్పుడు బాబాయి టైరు కింద పడుకుని పలకరించడం, ఇలా విషయానికి కొదవ లేదు. బాబాయి ఒక్క ముక్క కూడా వినేవాడు కాడు. తన ఏకాగ్రతకి అదే నిదర్శనమని, ఎంత వాగుడులోనైనా తన చెయ్యి చలించదని స్నేహితులకి చెప్పుకునేవాడు.

అలాంటి రోజుల్లో బేకరీ వ్యాను వచ్చింది.

అది బేకరీ పెద్దాయన కుర్రతనం నుంచి ముప్పై ఏళ్లపాటు రొట్టెలు వేసుకుని తిప్పిన వ్యాను. ఎన్నో ఏళ్లుగా బేకరీ వెనక పెరట్లో పిల్లులకి నివాసంగా ఉంటే, ఇప్పుడు బేకరీ నడుపుతున్న మనవరాలు దాన్ని తీయించి ఇంజను దగ్గర్నుంచి బాగుచేయించింది. పెద్దాయనకి ఎనభై ఎనిమిది. చూపు బాగా తగ్గింది. మనుషులు మసకగా కదులుతారు, రంగులు లేవు, తెల్లగా ఉన్నవి మాత్రం ఇంకా కనిపిస్తాయి. ఆదివారం పొద్దున ఆయన్ని బేకరీ గుమ్మం ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందునుంచి వ్యానుని నడిపించాలని మనవరాలి ఆలోచన.

"తాతయ్యకి వ్యాను కనపడదండీ. చక్రాలొక్కటే కనపడతాయి. అందుకని చక్రాలే వ్యాను అనుకోండి" అంది ఆ అమ్మాయి.

ఈ మాట బాబాయి గుండెలోకి సూటిగా దిగింది. ఆదివారానికి అప్పగిస్తానని మాటిచ్చాడు. ఆ పిల్ల మర్యాదకొద్దీ, మీకు కష్టమైతే చెప్పండి, రెడీమేడ్ రబ్బరు రింగులు తెప్పించి తగిలిస్తాం అని కూడా అంది. బాబాయి మొహం ఆ కాసేపూ చూడదగ్గ స్థితిలో లేదు. ఆ రింగులు చక్రానికీ టైరుకీ మధ్య ఇరికిస్తారు. బండి వేగం అందుకోగానే కుక్క చెవులు రిక్కించినట్టు అంచు లేపుతాయి. సందులో ఇసుక దూరి టైరుని కొరుకుతుంది. తన చేతుల మీదుగా వెళ్లే బండికి అవి తగిలించడమంటే, ఇక కుంచెలు కడిగి అటక మీద పెట్టేయడమే.

సోమవారం నాటికి ముందరి చక్రాలు రెండూ అయిపోయాయి. మంగళవారం వెనక చక్రాలు కడిగిన సబ్బునీళ్లు తుడవకుండా బాబాయి లోపలికి వెళ్లాడు. బయటికి వస్తున్న పిన్ని ఆ నీళ్లలో జారి, కుడిచెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో వేళ్ల మొదళ్ల నుంచి మోచేతి దాకా తెల్లటి పిండికట్టు వేసి, ఆరు వారాలు కదపొద్దన్నారు. దారిపొడుగునా ఆవిడ ఒక్క మాట అనలేదు. నొప్పి ఎంత ఉందో బాబాయికి దాన్నిబట్టే అర్థమైంది.

బుధవారం పక్క కొట్టు మంగలాయన ఎడమ వెనక చక్రం తిప్పడానికి తనంతట తను వచ్చాడు. మంచి మనిషి, మాటకారి. కానీ కథ రసపట్టులో పడగానే ఆయన చేతులు ఆగిపోయేవి. చక్రం ఆగిన ప్రతిచోటా తెల్ల చుక్క లావెక్కింది. సాయంత్రానికి టైరు మీద గీత లేదు, పన్నెండు ముత్యాలున్నాయి. ఇదీ ఒక అందమేనని మంగలాయన అన్నాడు. బాబాయి ఆయనకి టీ ఇచ్చి పంపేసి, థిన్నరుతో తుడిచేశాడు.

గురువారం అల్లుడికి కబురు వెళ్లింది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, తక్కువ మాట్లాడే మనిషి. అత్తగారి చేతివంక చూసి బాధపడ్డాడు, మామగారి చక్రం వంక చూసి ఆలోచించాడు, శుక్రవారం పొద్దున ఒక చిన్న మోటారు పట్టుకొచ్చాడు. దాని ఇరుసుకి రబ్బరు ఉండ తగిలించి టైరు నడినెత్తిన ఆనించాడు. స్విచ్చి వేయగానే చక్రం రాజుగారి ఏనుగులా సాగింది. ఎడమ వెనక చక్రం అంచు ఒక్క చుట్టులో ముగిసింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

ఆ క్షణంలో బాబాయి సంతోషించాడు. ఆ సంతోషంలో ఒక మూల, కుంచె మొనంత చోటులో, చూశావా, ఎవరు తిప్పినా చెయ్యి నాదే అన్న ఊహ కూడా ఉంది. కిటికీలోంచి పిన్ని చూస్తోందేమోనని ఒకసారి అటు చూశాడు. చూస్తోంది. ఆయన వెంటనే కుంచె కడగడంలో మునిగిపోయాడు.

తర్వాత కుడి వెనక చక్రం మొదలుపెట్టారు. అదే మోటారు, అదే చెయ్యి. మూడువంతుల చుట్టు అద్భుతంగా వచ్చి, ఒకచోట గీత బయటికి పొంగింది, పంటిపోటుతో బుగ్గ వాచినట్టు. చెరిపి మళ్లీ వేశాడు. అక్కడే వాచింది. మూడోసారీ అక్కడే. వేలితో తడిమితే గానీ సంగతి తెలియలేదు. ఆ టైరు ఎప్పుడో చీలితే లోపల అతుకువేసి బాగుచేశారు. అతుకు దగ్గర పక్కభాగం రవ్వంత ఉబ్బింది. కంటికి కనపడదు, కుంచెకి కనపడుతుంది. ఆ సైజు టైర్లు తయారుచేయడం ఎప్పుడో మానేశారు కనక మార్చే వీల్లేదు.

పైగా అలాంటి ఉబ్బులు ఆయనకి కొత్త కాదు. పాత బళ్ల టైర్లలో సగం అతుకులవే. వాటన్నిటి మీదా ముప్పై ఏడేళ్లుగా గీత తిన్నగానే వచ్చింది. ఇప్పుడెందుకు రావడం లేదో తెలియక, బాబాయి తన కుడిచేతిని కొత్త అద్దెమనిషిని చూసినట్టు అనుమానంగా చూసుకున్నాడు. వయసు మీద పడిందేమో అనుకున్నాడు. మధ్యాహ్నం బేకరీ మనవరాలు ఫోను చేసి, పిన్నిగారి సంగతి తెలిసిందనీ, ఇబ్బంది పడొద్దనీ, రింగులు చెప్పి ఉంచాననీ అంది. రేపటిదాకా ఆగమని బాబాయి బతిమాలాడు.

శనివారం పొద్దున్నే పిన్ని షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఎన్నిసార్లు చెరిపారు?"

"మూడు."

"ఉబ్బు వచ్చే ముందు మోటారు ఏమీ అనలేదా?"

"మోటారు ఏమంటుందే?"

"నేను అంటానుగా."

"నువ్వేమంటావు?"

"'అయినాఆఆ' అంటానుగా." ఆవిడ ఆ అక్షరాన్ని అరచెయ్యంత పొడుగు సాగదీసింది. "చేతికింద టైరు మందం తేడా తెలియగానే తిప్పడం నెమ్మది చేస్తాను, 'అయినాఆఆ' అంటాను. మీరు కుంచె కాస్త వెనక్కి తీస్తారు. ఉబ్బు దాటాక 'మీకు చెప్పి ఏం లాభం' అంటాను. మీరు మళ్లీ ఆనిస్తారు."

బాబాయి తన చేతివైపు చూశాడు. ఆవిడ 'అయినాఆఆ' అనగానే, కుంచె కూడా లేని ఆ చెయ్యి తనంతట తాను అంగుళంలో పదోవంతు వెనక్కి జరిగింది. ఒక్క ముక్క కూడా వినలేదనుకున్న మనిషి చెయ్యి మొత్తం విన్నదన్నమాట.

"ఇన్నేళ్లూ 'అయినా' అంటే ఏమనుకున్నారు?"

"తిడుతున్నావనుకున్నాను."

"తిట్టాను కూడా. రెండూ ఒకేసారి కానిచ్చేదాన్ని. విడిగా తిట్టడానికి నాకు తీరికెక్కడిది?"

అల్లుడు మోటారు తీసి గోనెసంచిలో పెట్టేశాడు. కొత్త ఏర్పాటు ప్రకారం చక్రాన్ని అల్లుడు చేత్తో తిప్పాలి, ఆవిడ ఎడమ అరచెయ్యి టైరు మీద ఆనించి ఉంచాలి, అల్లుడు ఆవిడ మాటల నడకనిబట్టి వేగం పట్టాలి. చెప్పుకోవడానికి తేలికే. మొదలుపెట్టాక ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. పిన్నికి తిట్లు రావడం లేదు.

పదకొండేళ్లుగా అల్లుడి ముందు ఆవిడ భర్తని పల్లెత్తు మాట అనలేదు. ఆ ఇంట్లో గొంతు పెరగదని వియ్యాలవారి దగ్గర పేరు. ఇప్పుడు అల్లుడు పక్కనే కూర్చుని, చక్రం మీద చేతులు వేసి, ఎప్పుడు తిడతారా అని భక్తిగా ఎదురుచూస్తున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని ఎండల సంగతి ఎత్తింది. అల్లుడి ఉద్యోగం గురించి ఆదరంగా విచారించింది. ఆ మాటల్లో నడక లేదు. చక్రం బెరుకు బెరుకుగా కదిలింది, గీత వణికింది. బాబాయి గుడ్డ తీసుకుని తుడిచేశాడు.

అప్పుడాయన తన వైవాహిక జీవితంలో అన్నిటికన్నా సాహసమైన పని చేశాడు. కుంచె ముంచి, మణికట్టు చెక్కమీద ఆనించి, చూపు టైరు మీదనే ఉంచి, మామూలుగా అన్నాడు:

"అసలు ఆ రోజు నువ్వే కాస్త చూసుకుని నడవాల్సింది."

షెడ్డులో ఈగ కూడా ఎగరడం మానేసింది.

"నేను చూసుకోవాలా?" అంది పిన్ని. కుళాయి విచ్చుకుంది. "సబ్బునీళ్లు చెరువు చేసి పెట్టింది మీరు, చూసుకోవాల్సింది నేను..."

అల్లుడి చేతులు వాటంతటవే కదిలాయి. చక్రం సాగింది. సబ్బునీళ్ల నుంచి మంచి గిన్నెకీ, మంచి గిన్నె నుంచి అన్నయ్యకీ, అక్కణ్నుంచి నంబరు ప్లేట్ల రోజులకీ మాట ఒకే నడకన పోయింది. తెల్ల గీత దాని వెనకాలే నడిచింది. ఈసారి బాబాయి ప్రతి మాటా విన్నాడు. మూడువంతుల చుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గోడమీది ఫ్రేములోకి ప్రవేశించింది.

"పేపరాయన వచ్చి ఫొటో తీశాడు. మీరేమో పెళ్లికొడుకులా నవ్వారు. నేను అక్కడే ఉన్నాను, చక్రం పట్టుకుని. ఊరంతా చూసింది నా మోచెయ్యి ఒక్కటే. అది ఎవరిదని కూడా ఎవరూ అడగలేదు. మీరూ చెప్పలేదు. అయినాఆఆ..."

చక్రం నెమ్మదించింది. చెయ్యి వెనక్కి జరిగింది. ఉబ్బు కుంచె కిందనుంచి నిద్రపోతున్న పసిపాపలా దాటిపోయింది.

"...మీకు చెప్పి ఏం లాభం."

గీత వచ్చి తోక పట్టుకుంది. అల్లుడు చేతులు తీసి, చాలాసేపు అంచునే చూసి, "అత్తయ్య గారూ, ఇలాంటి కంట్రోలు మా లిఫ్టుల్లో లేదండి" అన్నాడు. అల్లుడు పదకొండేళ్లలో మాట్లాడిన వాక్యాలలో అదే పొడుగైనది. పిన్ని సిగ్గుపడి, కాఫీ తాగుతారా నాయనా అని అడిగింది. బాబాయి వంగి కుంచె కడుగుతూ చాలాసేపు తలెత్తలేదు. మధ్యాహ్నానికి లోపలంతా నింపేశాడు, సాయంత్రానికి చెంప ఆనించి ఆరిందనిపించుకున్నాడు. రింగులు వద్దని బేకరీకి ఫోను చేసింది అల్లుడు.

ఆదివారం పొద్దున పెద్దాయన బేకరీ గుమ్మం ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. బాబాయి, పిన్ని, అల్లుడు పక్కగా నిలబడ్డారు. మనవరాలు వ్యానుని మలుపు తిప్పుకుని మెల్లగా తెచ్చింది, కుడిపక్క తాతగారి వైపు ఉండేలా. పెద్దాయన తల కదపకుండా చూశాడు. వీధి లేదు, బండి లేదు, మనుషులు లేరు. మసకలో రెండు తెల్లటి వలయాలు దొర్లుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగాయి.

"వెనకది కుంటలేదు" అన్నాడాయన.

చేతికర్ర ఎత్తి వెనక చక్రం వైపు చూపించాడు.

"ఆ టైరుకి అతుకు వేయించింది నేనే. వర్షంలో మేకు దిగి పక్కన చీలింది. ఆ తర్వాత ఎంతమంది చేత వేయించినా అక్కడ అంచు వాచేది. ఇది ఎవరి చెయ్యి?"

బాబాయి కుడిచెయ్యి అలవాటుకొద్దీ సగం లేచింది. అక్కడే ఆగింది. ఆయన పక్కకి జరిగి, పిన్ని భుజం పట్టుకుని, వద్దంటున్నా వినకుండా ముందుకి నిలబెట్టాడు.

"ఇదిగోనండీ, మా ఆవిడది" అన్నాడు. "కుంచె పట్టుకోవడం మాత్రం నా పని."

పెద్దాయన కళ్లు చికిలించి ఆవిడ ఉన్న వైపు చూశాడు. మనిషి కనపడలేదు. గాలిలో వేలాడుతున్నట్టు తెల్లటి పిండికట్టు మాత్రం కనపడింది. ఆయన చెయ్యి చాపి దాన్ని తాకి, అంచు వెంట బొటనవేలు ఒక చుట్టు పోనిచ్చాడు.

"ఈవిడ చేతికి కూడా వేశావేమిటయ్యా?" అన్నాడు. "ఇది మాత్రం గరుగ్గా ఉంది. నీ పని కాదులే."

మనవరాలు నవ్వింది, అల్లుడు కూడా నవ్వాడు. పిన్ని మొహం ఎర్రబడింది. ఇంతమందిలో ఇలా నిలబెట్టినందుకు ఆవిడ భర్త వైపు తిరిగి, గొంతు పెంచకుండా, తొందరపడకుండా మొదలుపెట్టింది:

"ఇన్నాళ్లు లేనిది ఇప్పుడు నడివీధిలోనా చెప్పడం? అయినాఆఆ..."

బాబాయి ఊపిరి బిగబట్టాడు. పక్కన, లేని చక్రాన్ని తిప్పుతున్న అల్లుడి చేతులు గాలిలోనే నెమ్మదించాయి.